ఫ్రీబెర్గ్ చిన్న వాజు: మొదటగా కొనాల్సింది ఇదే

స్కాండినేవియన్ స్టూడియో సెరామిక్స్ (కళాకారులు స్టూడియోలో చేత్తో చేసే మట్టిపాత్రలు) సేకరించాలనుంది, దేనితో మొదలుపెట్టమంటారని స్టాక్‌హోమ్‌లో ఉండే మన తెలుగువాళ్లు ఈమధ్య తరచూ అడుగుతున్నారు. స్వీడన్ సెరామిక్ కళాకారుడు బెర్ంట్ ఫ్రీబెర్గ్ చేసిన మినియేచర్, అంటే బుల్లి వాజు (పూలపాత్ర), ఒకటి కొనమంటాను. పెద్దవాటి సంగతి తర్వాత చూసుకోవచ్చు. సోడర్‌మాల్మ్‌లో ఒక పాతసామాన్ల కొట్టులో నేను కొన్న వాజు గురించి రాస్తే ఎందుకలా అంటున్నానో తెలుస్తుంది.

ఎత్తు 7 సెంటీమీటర్లు, ధర 3,800 స్వీడిష్ క్రోనాలు. పొట్ట గుండ్రంగా, మెడ సన్నగా, మూతి బఠాణీ గింజ కూడా దూరనంత చిన్నగా ఉంటుంది. ఇంత బుల్లిదానికి అంత డబ్బా అని ఇంట్లో అడిగారు. చేతిలో పెట్టి చూపించాక ఆ మాట మళ్లీ రాలేదు. ఇంత చిన్న మెడ సారె మీద లాగాలంటే లోపలికి వేలు పట్టదు. తిరుగుతున్న మట్టిని బయటినుంచే వేళ్ల కొసలతో దగ్గరికి నొక్కుకుంటూ పోవాలి. ఒత్తిడి రవ్వంత ఎక్కువైతే మెడ మెలితిరిగి కూలిపోతుంది. ఈ వాజును ఎటునుంచి తిప్పి చూసినా వంకర లేదు.

దీని గ్లేజ్‌ను, అంటే మట్టి మీద కాల్చిన గాజులాంటి పూతను, కుందేలు బొచ్చు గ్లేజ్ అంటారు. చైనాలో సాంగ్ వంశపు రాజుల కాలంలో చేసిన టీ గిన్నెల మీద ఇలాంటిదే కనిపిస్తుంది. గ్లేజ్‌లో ఉన్న ఇనుము కొలిమి వేడికి విడివడి, కరిగి కిందికి జారుతూ సన్నటి చారలుగా మిగులుతుంది. నా వాజుకు మూతి అంచున గ్లేజ్ పల్చబడి ముదురు గోధుమరంగు తేలింది. పొట్ట మీద నీలి బూడిదరంగులో వెంట్రుకల్లాంటి చారలు. కిటికీ దగ్గర పెట్టి కొద్దిగా తిప్పితే ఒక్కో చార విడిగా కనబడుతుంది. గ్లేజ్ సరిగ్గా అడుగుకు కాస్త పైన ఆగింది. ఇంకొంచెం జారి ఉంటే కొలిమిలో పలకకు అంటుకుపోయేది. అక్కడ ఆపడం ఎంత కష్టమో మట్టిపని తెలిసినవాళ్లను అడగండి!

ఫ్రీబెర్గ్ 1899లో పుట్టాడు. 1934లో స్టాక్‌హోమ్ దగ్గరి గుస్తావ్స్‌బెర్గ్ పింగాణీ ఫ్యాక్టరీలో చేరి, అక్కడి డిజైనర్ విల్‌హెల్మ్ కోగె గీసిన ఆకారాలను సారె మీద తీశాడు. తర్వాత అక్కడి మరో డిజైనర్ స్టిగ్ లిండ్‌బెర్గ్‌కూ అదే పని చేశాడు. 1940లనుంచి సొంత సంతకంతో చేయడం మొదలుపెట్టి, ఇటలీలోని మిలాన్‌లో 1951, 1954లో జరిగిన ట్రియెన్నాలే డిజైన్ ప్రదర్శనల్లో బంగారు పతకాలు అందుకున్నాడు. పేరున్న డిజైనర్లలో చాలామంది కాగితం మీద గీస్తే సారె తిప్పింది వేరేవాళ్లు. ఇక్కడ ఊహించినవాడు, తిప్పినవాడు, గ్లేజ్ కుదిర్చినవాడు ఒక్కడే. ఇదే డబ్బుకు మరో స్వీడిష్ పింగాణీ కంపెనీ రోర్‌స్ట్రాండ్‌లో పనిచేసిన డిజైనర్ గున్నార్ నైలుండ్ వాజు ఇంతకు రెండింతలది దొరకొచ్చు. అదీ మంచిదే, కాదనను. కానీ సంతకం చేసినవాడి వేళ్ల పని తెలియాలంటే నేను ఫ్రీబెర్గ్ వైపే ఉంటాను.

కొనేముందు తప్పకుండా బోర్లించి చూడండి. అడుగున ఫ్రీబెర్గ్ సంతకం, గుస్తావ్స్‌బెర్గ్ స్టూడియో గుర్తయిన చెయ్యి బొమ్మ, సంవత్సరాన్ని తెలిపే అక్షరం వెతకండి. సంతకం పచ్చిమట్టి మీద గీసినది కనుక గీతల అంచులు మెత్తగా ఉంటాయి. కాల్చాక గీకితే అంచులు పెళుసుగా, పొడిపొడిగా కనిపిస్తాయి. ఇంకో సంగతి. ఒక ఆన్‌లైన్ వేలంలో "ఏ లోపమూ లేదు" అని రాసి ఉన్న వాజు తెప్పించుకుంటే, మూతి దగ్గర అతికి రంగు పూసిన ముక్క బయటపడింది. అల్ట్రావయొలెట్ టార్చి వేస్తే ఆ ముక్క ఒక్కటే వేరే రంగులో వెలిగింది. డబ్బు వెనక్కి రావడానికి ఎన్ని మెయిళ్లు రాయాల్సొచ్చిందో! అందుకే ఆ టార్చి బ్యాగులో ఉంచుకోండి, చవకే.

నేను కొన్న కొట్టావిడ మాత్రం అడక్కముందే భూతద్దం ఇచ్చి, కుర్చీ వేసి, కావలసినంతసేపు చూసుకోనిచ్చింది. రసీదులో కళాకారుడి పేరు, గుర్తులు, కొలతలు అన్నీ రాసింది. తర్వాత అమ్మాలన్నా, బీమా చేయించాలన్నా ఆ కాగితమే పనికొస్తుంది. కొట్టు ఇరుకు, పిల్లలతో వెళ్లొద్దు. కొట్టుకు నాలుగు, వాజుకు అయిదుకు అయిదు.

డబ్బు పెట్టేముందు కన్ను అలవాటు కావాలంటే గుస్తావ్స్‌బెర్గ్‌లోని పింగాణీ మ్యూజియానికి వెళ్లండి. స్టాక్‌హోమ్‌లోని స్లుస్సెన్ నుంచి బస్సులున్నాయి. పాత ఫ్యాక్టరీ ఆవరణలోనే, రేవు పక్కన ఉంటుంది. అక్కడ లిండ్‌బెర్గ్ రంగురంగుల ఫాయెన్స్ (రంగులతో చిత్రించి గ్లేజ్ వేసిన మట్టిసామాను) దగ్గర జనం ఆగిపోతారు, మీరు ముందు ఫ్రీబెర్గ్ వాజులు ఎక్కడున్నాయో అడిగి అటు వెళ్లండి.