డిష్ కనెక్షన్‌ను హెచ్‌డీకి మార్చుకోవాలా? ఏళ్ల తరబడి చూశాక నా మాట

ముందుగా తేల్చి చెప్పేస్తాను. ఆటల ప్రత్యక్ష ప్రసారాలు ఇష్టంగా చూసే ఇల్లయితే, టీవీ కాస్త పెద్దదయితే, హెచ్‌డీకి పెట్టిన డబ్బు వృథా పోదు. రోజంతా వార్తలు, సీరియళ్లు మాత్రమే నడిచే ఇంట్లో ప్రతి నెలా కట్టే ఆ అదనపు సొమ్ముకు తగిన ఫలితం దక్కదు. నేను చాలా ఏళ్లుగా హెచ్‌డీ చూస్తున్నాను. మధ్యలో ఖర్చు తగ్గించుకుందామని కొంతకాలం ఎస్‌డీకి, అంటే తక్కువ వివరం ఉండే మామూలు ప్రసారానికి దిగి, మళ్లీ హెచ్‌డీకి వచ్చాను. కంటికి నిజంగా తెలిసే తేడా ఏదో ఆ దిగడం, ఎక్కడంలోనే బాగా అర్థమైంది.

అంకెల్లో చూస్తే తేడా పెద్దదే. ఎస్‌డీ బొమ్మ 720 చుక్కల వెడల్పు, 576 గీతల ఎత్తు (కొన్ని దేశాల్లో 480 గీతలే). పూర్తి హెచ్‌డీ 1920×1080. అంటే సరిగ్గా అయిదు రెట్ల చుక్కలు. అయితే ఆ అయిదు రెట్లూ మన కంటికి చేరాలంటే మనం ఎంత దూరంలో కూర్చున్నామన్నది ముఖ్యం. మామూలు చూపున్న కన్ను డిగ్రీలో అరవయ్యో వంతు కోణం వరకే వివరాన్ని పట్టుకోగలదు. ఆ లెక్కన 43 అంగుళాల టీవీకి హెచ్‌డీ వివరం మొత్తం అందాలంటే సుమారు 1.7 మీటర్ల దూరంలో కూర్చోవాలి. 3.2 మీటర్లు దాటితే ఎస్‌డీ గీతలు కూడా కలిసిపోయి కనిపిస్తాయి కాబట్టి హెచ్‌డీకి ఉన్న ఆధిక్యం దాదాపు పోతుంది. 32 అంగుళాల టీవీకి ఈ దూరాలు 1.3, 2.4 మీటర్లు. 55 అంగుళాలకు 2.2, 4.1 మీటర్లు. కొనే ముందు టేపు పట్టుకుని సోఫా నుంచి తెర దాకా కొలిచి చూడండి. గదికి ఆ చివర్న 32 అంగుళాల టీవీ, ఈ చివర్న మనం అయితే ఆ డబ్బు మిగుల్చుకోవడమే మంచిది.

4కె టీవీ కొన్నవాళ్ల సంగతి వేరు. ఆ తెరకు 2160 గీతలుంటాయి. 576 గీతల బొమ్మను అంత తెరకు సాగదీస్తే ముఖాలు మైనం పూసినట్టు కనిపిస్తాయి. పాత చిన్న టీవీలో చక్కగా కనిపించిన చానెలే కొత్త పెద్ద టీవీలో మసకగా వస్తోందని చాలామంది బాధపడేది ఇందుకే. లోపం టీవీది కాదు, లోపలికి వెళ్తున్న బొమ్మది. 1080 గీతలు సరిగ్గా రెట్టింపయితే 2160 అవుతాయి కాబట్టి హెచ్‌డీ ఆ తెర మీద హాయిగా సర్దుకుంటుంది. పెద్ద టీవీ కొని ఎస్‌డీ ప్యాక్‌లోనే ఉండిపోవద్దని నేను గట్టిగా చెబుతాను.

ఏం చూస్తామన్నది అన్నిటికంటే పెద్ద ప్రశ్న. ఆటల్లో తేడా మొదటి నిమిషంలోనే తెలుస్తుంది. కెమెరా బంతి వెంట పరుగెత్తినప్పుడు ఎస్‌డీలో గడ్డి మొత్తం ఒకే పచ్చ ముద్దగా మారుతుంది. హెచ్‌డీలో పిచ్ మీది పగుళ్లు, చొక్కా మీది నంబరు, స్కోరు పట్టీలోని చిన్న అక్షరాలు నిలిచి ఉంటాయి. ప్రకృతి కార్యక్రమాలూ అంతే. ఈకలు, నీటి బిందువులు, ఆకుల ఈనెలు కనిపించినప్పుడే వాటిని చూసిన తృప్తి.

పాత సినిమాల విషయం నన్ను బాగా ఆకట్టుకుంది. 35 మిల్లీమీటర్ల ఫిల్ము మీద తీసిన సినిమాలో హెచ్‌డీకి సరిపడా వివరం మొదటి నుంచీ ఉంది. మంచి నెగటివ్ దొరికి దాన్ని కొత్తగా స్కాన్ చేస్తే, దశాబ్దాల కిందటి నలుపు తెలుపు చిత్రంలో కూడా చీర అంచు నేత, కళ్లలో తడి తేటగా తెలుస్తాయి. వీడియో టేపు మీద తీసిన పాత సీరియళ్లకు ఆ అదృష్టం లేదు. లేని వివరాన్ని ఏ చానెలూ పుట్టించలేదు. అందుకే హెచ్‌డీ అని పేరున్న చానెల్లో వచ్చేదంతా హెచ్‌డీ అనుకోకండి. పాత ఎస్‌డీ టేపును పెద్దది చేసి వేసేవి చాలా ఉంటాయి. గుర్తుపట్టడం సులువు: మూలన ఉన్న చానెల్ లోగో, కింద పరుగెత్తే అక్షరాలు కత్తిరించినట్టు స్పష్టంగా ఉండి, మనుషుల ముఖాలు మాత్రం మెత్తగా మసకగా ఉంటే అది సాగదీసిన బొమ్మే.

నిజమైన హెచ్‌డీ చానెళ్లలో కూడా నాణ్యత ఒకేలా ఉండదు. చానెల్‌కు కేటాయించిన బిట్‌రేటు, అంటే సెకనుకు పంపే సమాచారం ఎంతన్నదాని మీద బొమ్మ ఆధారపడుతుంది. ఒకే ట్రాన్స్‌పాండర్‌లో, అంటే ఉపగ్రహంలో చానెళ్ల గుంపును అందుకుని కిందికి పంపే భాగంలో, ఎక్కువ చానెళ్లను కుక్కితే ఒక్కోదానికి వాటా తగ్గుతుంది. మాట్లాడే ముఖం తెర మీద ఉన్నంతసేపూ ఏమీ తెలియదు. రంగు కాగితపు ముక్కలు ఎగిరినా, పొగ కమ్మినా, అలలు లేచినా బొమ్మ గళ్లు గళ్లుగా విడిపోతుంది. 1080 అన్న అంకె కంటే ఆ క్షణం ఎలా కనిపించిందన్నదే చానెల్ నాణ్యతకు సరైన కొలత.

ఇక ఖర్చు. డిష్ సాధారణంగా మార్చక్కర్లేదు, అదే ఉపగ్రహం, అదే బ్యాండ్ (తరంగాల శ్రేణి) అయితే పాతదే పనికొస్తుంది. సెట్‌టాప్ పెట్టె మాత్రం మార్చాల్సిందే. హెచ్‌డీ ప్రసారాలకు వాడే హెచ్.264 కుదింపు పద్ధతి 2003లో వచ్చింది, డీవీబీ-ఎస్2 ప్రసార ప్రమాణం 2005లో వచ్చింది. వీటికి ముందున్న ఎంపెగ్-2 కుదింపుకీ డీవీబీ-ఎస్ ప్రసారానికీ తయారైన పాత పెట్టెలకు ఇవి అర్థం కావు. పెట్టె ఖర్చు ఒక్కసారితో పోతుంది. అసలు బరువు నెలనెలా కట్టేదే. నా అనుభవంలో మొదట్లో తగ్గింపు ధరకిచ్చిన హెచ్‌డీ ప్యాక్ గడువు తీరగానే బాగా పెరిగింది, అందులో సగం చానెళ్లు మా ఇంట్లో ఎవరూ పెట్టనివే. ఒకే చానెల్‌కు ఎస్‌డీ, హెచ్‌డీ రెండు రూపాలకూ విడివిడిగా కట్టడం కూడా జరిగింది. బిల్లులో ఒక్కో చానెల్ పేరూ చదవడం మొదలుపెట్టాక ఆటల చానెళ్లు, ఒకటి రెండు సినిమా చానెళ్లు, ఒక ప్రకృతి చానెల్ మాత్రమే హెచ్‌డీలో ఉంచి మిగతావన్నీ ఎస్‌డీకి మార్పించాను. వార్తల్లో తేడా ఎవరికీ పట్టలేదు. అమ్మకు మాత్రం ఇతర భాషల సినిమాల కింద వచ్చే సబ్‌టైటిళ్లు హెచ్‌డీలో కళ్లద్దాలు సవరించుకోకుండానే చదవగలగడం నచ్చింది, అందుకే ఆ సినిమా చానెల్ జోలికి పోలేదు.

హెచ్‌డీకి డబ్బు కడుతూ ఎస్‌డీ బొమ్మే చూస్తున్న ఇళ్లు నేను చాలా చూశాను. కొత్త పెట్టెను పాత పసుపు, ఎరుపు, తెలుపు పిన్నుల తీగతో టీవీకి కలిపేస్తారు. ఆ పసుపు తీగ హెచ్‌డీని మోయలేదు. హెచ్‌డీఎంఐ కేబుల్ పెట్టాలి, పెట్టె సెట్టింగుల్లో అవుట్‌పుట్ 1080 దగ్గర ఉందో లేదో చూడాలి. పాత టీవీల 4:3 ఆకారంలో వచ్చే కార్యక్రమాలు అడ్డంగా సాగి ముఖాలు వెడల్పుగా కనిపిస్తుంటే దాన్ని సరిచేసే సెట్టింగు కూడా అక్కడే ఉంటుంది. వీటికి పెద్ద ఖర్చు లేదు, అయినా బొమ్మలో వచ్చే మార్పు పెట్టె మార్చినంత ఉంటుంది.

వాన పడితే సిగ్నల్ పోవడం శాటిలైట్ టీవీకి పుట్టుకతో వచ్చిన కష్టం. డిష్‌లకు వాడే కేయూ బ్యాండ్ తరంగాలను వాన చినుకులు మింగేస్తాయి. హెచ్‌డీ చానెళ్లను ఎక్కువ సమాచారం పట్టేలా దట్టంగా సర్ది పంపుతారు కాబట్టి వాటికి ఇంకాస్త శుభ్రమైన సిగ్నల్ కావాలి. జోరు వానలో హెచ్‌డీ చానెల్ ముందు ఆగిపోయి, అదే చానెల్ ఎస్‌డీలో ఇంకొంతసేపు నడవడం మా ఇంట్లో మామూలే. పెట్టె మెనూలో సిగ్నల్ బలంతో పాటు నాణ్యత అన్న గీత కూడా ఉంటుంది, చూడాల్సింది దాన్నే. వాన లేని రోజు కూడా ఆ గీత తక్కువగా ఉంటే డిష్ కాస్త పక్కకు జరిగి ఉండొచ్చు, లేదా కేబుల్ పిన్నులో తేమ చేరి ఉండొచ్చు.

రికార్డు చేసుకునే అలవాటున్నవాళ్లు డిస్కు స్థలం కూడా లెక్కేసుకోవాలి. సెకనుకు 8 మెగాబిట్లతో వచ్చే హెచ్‌డీ చానెల్ గంటకు 3.6 జీబీ తింటుంది. 3 మెగాబిట్ల ఎస్‌డీకి 1.35 జీబీ చాలు. రాత్రి మ్యాచులు రికార్డు పెట్టుకుని పొద్దున చూసేవాళ్ల డిస్కు త్వరగా నిండుతుంది.

ఇంటర్నెట్‌లో అన్నీ దొరుకుతున్నప్పుడు ఇదంతా ఎందుకని అడిగేవాళ్లున్నారు. సినిమాలు, సిరీస్‌ల వరకు వాళ్ల మాట నిజమే, నేనూ అలాంటివి నెట్‌లోనే చూస్తాను. ప్రత్యక్ష ప్రసారానికి మాత్రం డిష్‌నే నమ్ముతాను. 35,786 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లి దిగిరావడానికి తరంగానికి పావు సెకను పడుతుంది. బొమ్మను కుదించి పంపే (ఎన్‌కోడింగ్) ఆలస్యం కలుపుకున్నా, నెట్ ప్రసారాలు తరచూ అంతకంటే వెనకే ఉంటాయి. పైగా ఎన్ని ఇళ్లు ఒకేసారి చూసినా ఉపగ్రహం మీద భారం పెరగదు. ఫైనల్ రోజున బొమ్మ నాణ్యత తగ్గిపోవడం, మధ్యలో గిర్రున తిరిగే చక్రం ఉండవు.

ఇంకా తేల్చుకోలేకపోతే, హెచ్‌డీ కనెక్షన్ ఉన్న స్నేహితుల ఇంట్లో ఒక మ్యాచ్ పెట్టించి, మీ ఇంట్లో కూర్చునేంత దూరంలోనే కూర్చుని, ఎస్‌డీ, హెచ్‌డీ చానెళ్లను మార్చి మార్చి చూడండి. మీ ఇంట్లో రిమోట్ ఎక్కువగా ఎవరి చేతిలో ఉంటుందో వాళ్లను కూడా వెంట తీసుకెళ్లండి.