కాంటియోన్ పుల్ల బీరు: తాటికల్లు తెలిసిన నాలుకతో

బీరు పుల్లగా తగిలితే మనం సీసా వెనక్కిచ్చేస్తాం. బ్రసెల్స్‌లో ఆ పులుపు కోసమే జనం ఎక్కడెక్కడి నుంచో వస్తారు. అక్కడి కాంటియోన్ బ్రూవరీకి నేను ఇదివరకే వెళ్లాను, ఇష్టపడ్డాను కూడా. రాయాలని మాత్రం మా బావను తీసుకెళ్లాకే అనిపించింది.

బావది భువనగిరి దగ్గర పల్లె. వాళ్ల నాయిన తాళ్లెక్కి కల్లు గీసిన మనిషి. మోకు, ముస్తాదు ఇప్పటికీ వాళ్ల ఇంటి దూలానికి వేలాడుతుంటాయి. బావ చదువుకుని హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాడు గానీ, లొట్టి మూతి దగ్గర ముక్కు పెట్టి కల్లు పొద్దున దించిందో నిన్న మాపటిదో చెప్పేస్తాడు. అలాంటి మనిషి యూరప్ చూడ్డానికొస్తే ఐఫిల్ టవర్ ఒక్కటి చూపించి పంపితే ఎట్లా?

నేనుండేది లూవెన్‌లో. స్టెల్లా ఆర్త్వా పుట్టిన ఊరు, ప్రపంచంలోకెల్లా పెద్ద బీరు కంపెనీ ఏబీ ఇన్‌బెవ్‌కు హెడ్డాఫీసు ఉన్న ఊరు. ఇక్కడ ఫ్యాక్టరీ బీరుకు కొదవ లేదు. ఏ దేశంలో తాగినా ఒకే రుచి రావాలన్నది ఆ బీరు లెక్క. కాంటియోన్‌లో లెక్క వేరు, ఒక పీపాకీ పక్క పీపాకీ కూడా రుచి కలవదు.

బ్రసెల్స్ మిడీ స్టేషన్‌లో దిగి నడిస్తే పది నిమిషాలు. ఆండర్లెక్ట్ పేట, మామూలు వీధి, మామూలు తలుపు. బయట నుంచి చూసి గోడౌన్ అనుకుని దాటిపోయేవాళ్లుంటారు. లోపల 1900లో పాల్ కాంటియోన్ మొదలుపెట్టిన పని ఇంకా నడుస్తోంది. మూడో తరంలో ఇది ఆ ఇంటి అల్లుడు జాన్ పియెర్ వాన్ రోయ్ చేతికొచ్చింది. పుల్ల బీరుకు గిరాకీ పడిపోయిన రోజుల్లో ఆయన 1978లో దీన్ని పనిచేస్తున్న మ్యూజియంగా మార్చి, టికెట్ పెట్టి నిలబెట్టాడు. ఇప్పుడు వండేది ఆయన కొడుకు జాన్. ఈ కథంతా విని బావ ఒకటే మాటన్నాడు: "సూసినవా బామ్మర్దీ, ఇల్లు నిలబెట్టేది అల్లుడే." మా అక్కకు ఫోన్ చేసి మరీ చెప్పాడు.

టికెట్ కొంటే ఒకరు నాలుగు ముక్కలు చెప్పి చేతిలో ఒక పుస్తకం పెడతారు. ఆపైన మన కాళ్లే మనకు గైడు. కింద పిండి కలిపే తొట్టి, పక్కన మరిగించే రాగి డేగిశాలు. మూడింట రెండొంతులు మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ, మిగతాది మొలకెత్తించని పచ్చి గోధుమ. బీరుకు చేదునిచ్చే హాప్స్ పువ్వులూ వేస్తారు గానీ, కోసి మూడేళ్లయినవి వేస్తారు. అప్పటికి వాటి చేదు చాలామటుకు పోయి, బీరును చెడకుండా కాపాడే గుణం మిగులుతుంది. ఈ మధ్య హైదరాబాద్ పబ్బుల్లో ఐపీఏ అని పోసేదాంట్లో హాప్స్ చేదే ప్రాణం. ఇక్కడ అదే హాప్స్ పనిమనిషిలా వెనక నిలబడుతుంది.

అసలు సంగతి పై అంతస్తులో ఉంది. చెక్క మెట్లెక్కి పెంకుల కప్పు కిందికి వెళ్తే, గది నిండా పరిచిన రాగి తొట్టి. వెడల్పే గానీ లోతు లేదు. దీన్ని కూల్‌షిప్ అంటారు. మరిగిన రసం సుమారు 7,500 లీటర్లు ఇందులోకి ఎక్కించి, గోడలకున్న రెక్కల కిటికీలు తెరిచి, రాత్రంతా వదిలేస్తారు. తెల్లారేసరికి అది 20 డిగ్రీల దగ్గరికి చల్లబడాలి. ఆ చల్లబడే వేళలో గాలిలో, దూలాల్లో ఉన్న ఈస్టులూ బాక్టీరియాలూ వచ్చి చేరతాయి. అందుకే వంట అక్టోబరు చివర మొదలై ఏప్రిల్ దాకానే. రాత్రిళ్లు చలి లేకపోతే రసం తొందరగా చల్లబడదు, పైగా అక్కర్లేని క్రిములు ముందు చేరతాయి. 2015 నవంబరులో చలి రాక వంట ఆపుకోవాల్సొచ్చిందని జాన్ వాన్ రోయ్ అప్పట్లో పత్రికలకు చెప్పాడు.

మేం వెళ్లినప్పుడు తొట్టి ఖాళీగా ఉంది. బావ దాని అంచు మీద వంగి చూసి అడిగాడు: "మరి ఈస్ట్ ఎప్పుడేస్తరు?"

"ఎయ్యరు బావా. గాలే."

"గాలేనా? మరింకేంది, గిది కల్లే గదా!"

అదే. ఈ మాట నాకెందుకు తట్టలేదో గానీ, కాంటియోన్ గురించి ఇంగ్లీషులో నేను చదివిన దేంట్లోనూ ఇంత సూటిగా లేదు. తాటిగెల కొన కోసి లొట్టి కడితే అందులో పడే చుక్క తియ్యటి నీరు. దాన్ని పులియబెట్టడానికి ఎవరూ ఏమీ కలపరు. గాలిలోంచి, ఈగల కాళ్లనుంచి, లొట్టి గోడలకు అంటుకున్న నిన్నటి మడ్డి నుంచి ఈస్టు దానంతటదే వచ్చి పడుతుంది. పులవకుండా నీరా కావాలంటే లొట్టి లోపల సున్నం పూయాలి. పూయకపోతే దించేసరికే పొంగు మొదలై ఉంటుంది. నేననేది కాంపౌండుల్లో పొడులు కలిపి పోసే మందుకల్లు గురించి కాదు సుమా, చెట్టుకల్లు గురించి.

తేడా గడియారంలో ఉంది. మన ఎండకి తాటికల్లు పొద్దున తియ్యగా, మధ్యాహ్నానికి ఘాటుగా, మాపటికి నోరు వంకర పోయేంత పుల్లగా అవుతుంది. మర్నాటికి అది సగం వెనిగర్. వేడికి తోడు లొట్టి మూతి తెరిచే ఉంటుంది కాబట్టి గాలి తగిలి ఎసిటిక్ బాక్టీరియా చెలరేగుతుంది. ఇక్కడ అదే ప్రయాణాన్ని చలిలో, పీపాలో బిగించి మూడేళ్లు సాగదీశారు. మొదటి నెలల్లో మామూలు ఈస్టు చక్కెర తినేస్తుంది. తర్వాత పెడియోకాకస్ అనే బాక్టీరియా మెల్లగా పులుపెక్కిస్తుంది. ఆ తర్వాత బ్రెటనోమైసిస్ అనే మొండి ఈస్టు మిగిలినదంతా నమిలి, పైన మీగడలాంటి పొర కట్టి, కొంతవరకు గాలిని ఆపుతుంది. ఆ ఈస్టు రకాల్లో ఒకదానికి శాస్త్రం పెట్టిన పేరే బ్రక్సెలెన్సిస్, అంటే ఈ ఊరి పేరు. గమ్మత్తేమిటంటే చివరికి చెట్టుకల్లూ ఇదీ ఇంచుమించు 5 శాతం ఆల్కహాల్ దగ్గరే తేలతాయి.

పీపాల గదిలో వాసనే వేరు. తడిసిన చెక్క, పాత నేలమాళిగ, ఆపిల్ తొక్క. వరసలు వరసలుగా వైను పోసి ఖాళీ చేసిన పీపాలు, మీద సుద్దముక్కతో రాసిన గుర్తులు. కొత్తగా నింపిన పీపాకు మొదట్లో బిరడా బిగించరు, నురుగు దానిలోంచి పొంగి పక్కలకు కారి ఎండిపోతుంది. ఒక పీపా మీద ఆ మరక గోధుమరంగు చారలా కిందిదాకా దిగి ఉంటే, బావ వేలితో గీకి వాసన చూశాడు. వద్దనేలోపే. మూలల్లో సాలెగూళ్లు దులపరు. పండ్లు నానబెట్టే కాలంలో వచ్చే ఈగల్ని సాలీళ్లు చూసుకుంటాయని వాటిని ఉండనిస్తారు. మా అమ్మ గానీ చూసిందంటే చీపురు అందుకునేది.

ఇక గ్లాసు సంగతి. ముందు హాల్లో పీపాలనే బల్లలుగా వేశారు. ఇలా గాలి ఈస్టుతో పులిసిన బీరును లాంబిక్ అంటారు. మొదట పోసింది ఉత్త లాంబిక్, సీసాకెక్కనిది. నురగ లేదు, బుడగ లేదు, లేత బంగారు రంగు, కాస్త మసక. బీరని చెప్పకుండా ఇస్తే వైను అనుకుంటారు. పులుపు ముందుకు దూకదు, నాలుక పక్కల్లో నిలబడి తర్వాత గొంతులో వగరు వదులుతుంది. బావ రెండు గుటకలు తాగి, గ్లాసు వెలుతురుకు పెట్టి చూసి, "పది గంటల కల్లు" అన్నాడు. అంటే తీపి పోయి, పులుపు ఇంకా ముదరని వేళ. నేను చదివిన రుచి వర్ణనలన్నిట్లోకీ ఇదే కచ్చితమైనది.

రెండోది గూజ్. ఈ ఇంటి పేరు నిలిపింది ఇదే, నా ఓటూ దీనికే. ఏడాదిదీ, రెండేళ్లదీ, మూడేళ్లదీ మూడు వయసుల లాంబిక్‌లు కలిపి సీసాకెత్తుతారు. చిన్నదాంట్లో ఇంకా మిగిలిన చక్కెర సీసాలో మళ్లీ పులిసి గ్యాసు పుట్టిస్తుంది, పెద్దవి రుచినిస్తాయి. అందుకే షాంపేన్ సీసాలాంటి దళసరి గాజు, కార్కు. పోయగానే తెల్లటి నురుగు లేచి సర్దుకుంటుంది. ముక్కుకు ముందు తగిలేది నిమ్మతొక్క, వెనకాలే ఎండుగడ్డి, ఇంకా వెనక పశువుల కొట్టం. చివరిది చదివి ముఖం చిట్లించకండి, బ్రెటనోమైసిస్ సంతకం అదే, దానికోసమే డబ్బులిస్తున్నాం. నోట్లో మాత్రం పొడిగా, శుభ్రంగా, తీపి జాడ లేకుండా దిగుతుంది. కలిపేవాడి నాలుకే ఇక్కడ అసలు పనిముట్టు. ఏ పీపాలోంచి ఎంత అన్నది ప్రతిసారీ రుచి చూసే తేల్చుకోవాలి. సీసాను చీకట్లో పడుకోబెడితే 20 ఏళ్లు ఉంటుందని బ్రూవరీవాళ్లే చెబుతారు. పది గంటల కల్లును పది గంటల దగ్గరే ఆపి ఇరవయ్యేళ్లు పెట్టుకోవడం! బావకు ఇది మింగుడుపడలేదు. "మా నాయినకు సెప్తే నమ్మడు" అని సీసా అడుగు లేబులు అన్నిటికీ ఫోటోలు తీశాడు.

క్రీక్ అంటే పుల్ల చెర్రీలు వేసినది. లీటరుకు 200 గ్రాముల పండు, పీపాలోనే నెలల తరబడి నానుతుంది. రంగు దానిమ్మగింజల ఎరుపు. రంగు చూసి తియ్యగా ఉంటుందనుకున్నవాళ్లకు మొదటి గుటకలోనే సమాధానం దొరుకుతుంది. పండులోని చక్కెర అంతా ఈస్టు తినేసింది, మిగిలింది పండు వాసనా, గింజ దగ్గరి వగరూ, పులుపూ. బాగుంది, కాకపోతే గూజ్ తాగాక నాకు ఇది ఒక మెట్టు కిందే. రాస్ప్‌బెర్రీలు వేసే రోజె ద గాంబ్రినస్ వాసనకు మాత్రం పడిపోతాను. వాసన చూస్తూ కూర్చోవచ్చు, తాగకపోయినా.

గ్రాన్ క్రూ బ్రూక్సెల్లా అని ఇంకొకటి ఉంది. మూడేళ్ల లాంబిక్‌ను గ్యాసు లేకుండా అలాగే సీసాకెత్తింది. మొదటిసారి వెళ్లేవాళ్లు దీంతో మొదలుపెట్టొద్దు. గ్యాసు తోడు లేని పులుపు సూటిగా తగులుతుంది. బావకు నచ్చిందిదే. "గిది మాపటి కల్లు, దీనికి మాంసం తునకలు కావాలె" అన్నాడు. తునకలు లేవు. భోజనం కోసమైతే ఇక్కడికి రాకండి, తినే వచ్చేయండి. ఖాళీ కడుపున ఇంత యాసిడ్ పోస్తే ఛాతీలో మంట ఖాయం.

బ్రసెల్స్ నడిబొడ్డున పర్యాటకులు తిరిగే వీధుల్లో "లాంబిక్" అని బోర్డు పెట్టి పీచ్, స్ట్రాబెర్రీ అంటూ గులాబీరంగు గ్లాసులు పోసే బార్లు చాలా. అలాంటి ఒక బార్‌లో బావకు ముందురోజు సాయంత్రం ఒకటి ఇప్పించాను. తీపి కలిపిన సరుకు. అది తాగి ఆయన "గీ దగ్గుమందు కోసమా నువ్వు పొగుడుతున్నది?" అన్నాడు. లాంబిక్‌ను తేలిగ్గా అమ్ముకోవడానికి తీపి కలపడం పాత అలవాటే. ఆ ఒక్క గ్లాసు చూసి ఈ బీరంతా ఇంతే అనుకుని వెళ్లిపోయేవాళ్లను చూస్తే నాకు బాధ. ఊళ్లోనే మంచి గ్లాసు కావాలంటే ఫొంటెనా కూడలిలోని మ్యోడర్ లాంబిక్‌కు వెళ్లండి, కాంటియోన్‌తో పాటు మిగతా మంచి లాంబిక్‌లూ పోస్తారు.

హైదరాబాద్‌లో క్రాఫ్ట్ బీరు రుచి మరిగిన వాళ్లకు ఒక మాట. అక్కడ మన పబ్బుల్లో ఎక్కువగా పోసే అరటిపండు వాసన గోధుమ బీరు నాకూ ఇష్టమే. ఆ వాసన ఎంచి తెచ్చుకున్న ఒక రకం ఈస్టు పని. బ్రూమాస్టర్ దాన్నే ఉంచి మిగతా క్రిములన్నిట్నీ తరిమేస్తాడు. కాంటియోన్‌లో తలుపులు తెరిచి అందర్నీ రమ్మంటారు. కాబట్టి ఆ నాలుకతో దీన్ని తూచకండి, కల్లు తాగిన నాలుకతో తూచండి. ఈతకల్లు, తాటికల్లు తేడా తెలిసినవాళ్లకు ఇక్కడ ఎవరూ ఏమీ నేర్పక్కర్లేదు.

ఇక పనికొచ్చే ముక్కలు. ఆదివారం మూసి ఉంటుంది, మిగతా రోజులూ వేళలూ చూసుకుని వెళ్లండి, సాయంత్రం తొందరగా కట్టేస్తారు. చలికాలమైతే స్వెటర్ విప్పకండి, అది చల్లగా ఉండాల్సిన కట్టడమే. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు పైమెట్లు కష్టం. సీసాలు కొనాలంటే గూజ్ దొరుకుతుంది, ఆప్రికాట్లు వేసే ఫూఫూన్ లాంటివి ఎప్పుడూ ఉండవు, కనిపిస్తే ఆలోచించకండి. ఇంట్లో ఫ్రిజ్‌లో గడ్డకట్టించకుండా, 12 డిగ్రీల దగ్గర తెరవండి. అడుగున ఉన్న మడ్డి కదలకుండా పోయాలి.

ఈ చివరిమాట మా బావ వినడు. సీసా ఊపి మడ్డితో సహా పోసుకున్నాడు, కల్లు అట్లాగే తాగాలట. రెండు గూజ్ సీసాలు చొక్కాల మధ్య చుట్టి భువనగిరికి పట్టుకెళ్లాడు. మామ ఒక సీసా తాగి, బాగానే ఉంది గానీ ఎవడో నీళ్లు కలిపాడన్నాడట.