సెకండ్ మ్యారేజ్ సంబంధం కోసం వెళ్ళాం, అబ్బాయి ఇల్లు చూసొచ్చే దాకా మన నంబర్ ఇవ్వరు – 4 స్టార్లు

మా చిన్నాన్న కూతురికి సంబంధం చూడ్డానికి ఈ మ్యారేజ్ బ్యూరోకి మూడు నెలల్లో ఐదు సార్లు వెళ్ళాను. శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ నుంచి నడిచెళ్ళిపోవచ్చు, ఆటో అక్కర్లేదు, కాకపోతే మెట్లు బాగా ఇరుకు, మా పిన్నికి మోకాళ్ళ నొప్పులు, రెండో అంతస్తు ఎక్కేసరికి రెండు చోట్ల కూర్చుండిపోయింది పాపం. ఫీజు ఎంత, ఎన్ని ఫోటోలు చూపించారు, అది రాసేసి వదిలేద్దామనుకున్నాను గానీ నేను ఈ ఆఫీసుని చూసిన లెక్క వేరు, అది చెప్పకపోతే 4 స్టార్లు ఎందుకిచ్చానో ఎవరికీ అర్థం కాదు, అందుకే కాస్త పెద్దగా రాస్తున్నాను, ఓపిక చేసుకుని చదవండి.

మా చెల్లి పలాస దగ్గర జీడిపప్పు ఫ్యాక్టరీలో పని చేస్తాది. వయసు 31. మొదటి పెళ్ళి రెండేళ్ళు కూడా నిలబడలేదు, కోర్టులో విడాకులైపోయాయి. చిన్నాన్న లేరు. ఇంట్లో పిన్నీ అదీ ఇద్దరే. ఇలాంటి ఇంటికి సంబంధాలు ఎలా వస్తాయో మన వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు, యాభై దాటినవాళ్ళు, ముగ్గురు పిల్లలున్నవాళ్ళు, లేదంటే కట్నం రెండింతలు అడిగేవాళ్ళు. పోయినేడు దసరాల ముందు ఫేస్‌బుక్‌లో ఒకడు పరిచయమయ్యాడు. రైల్వేలో ఉద్యోగం, ఖుర్దా రోడ్డులో పోస్టింగ్, మన కులమే అన్నాడు. కట్నం పైసా వద్దన్నాడు. ఇరవై రోజులు తిరగకుండానే "నువ్వు విశాఖ వచ్చెయ్, సింహాచలంలో దండలు మార్చుకుందాం, మీ అమ్మకి తర్వాత చెప్దాం, ముందే చెప్తే పది మంది పది మాటలంటారు" అన్నాడంట. చివర్న ఒక మాటన్నాడు, "ఉన్న బంగారమంతా పెట్టుకుని రా, పెళ్ళికూతురు బోసి మెడతో ఉంటే నాకు బాగోదు" అని.

మా చెల్లి ఈ సంగతి నాకొక్కదానికే చెప్పింది. సిగ్గుపడుతూ, సంతోషంగా చెప్పింది. తర్వాత పిన్నికి తెలిసింది, ఆవిడేం తిట్టలేదు, "కట్నం ఒద్దన్నోడు దేవుడే కదమ్మీ, మనకింకేటి కావాల" అంది. నాకు మాత్రం ఆ బంగారం మాట వినగానే చేతులు చల్లబడిపోయాయి, ఎందుకంటే అచ్చం ఇదే వరస నేను చదివున్నాను.

కర్ణాటకలో సైనైడ్ మోహన్ అని ఒకడున్నాడు, అసలు పేరు మోహన్ కుమార్, దక్షిణ కన్నడ జిల్లా బంట్వాళ తాలూకా వాడు, గవర్నమెంట్ స్కూల్లో పిల్లలకి పాఠాలు చెప్పిన మాస్టారు. వాడు ఎంచుకున్నదంతా కట్నం ఇచ్చుకోలేక పెళ్ళి ఆలస్యమైపోయిన అమ్మాయిలని. చోటుకొక పేరు చెప్పేవాడు, అమ్మాయిది ఏ కులమైతే వీడిదీ అదే కులం, గవర్నమెంట్ ఉద్యోగమనేవాడు, కట్నం మాటే ఎత్తొద్దనేవాడు. గుడిలో పెళ్ళి అని చెప్పి మైసూరు, మడికేరి, హాసన్, బెంగళూరు ఇలా దూరం ఊళ్ళకి తీసుకెళ్ళి బస్టాండుకి దగ్గర్లో లాడ్జీలో దిగేవాడు, తెల్లారాక నగలు రూములోనే పెట్టించి బస్టాండుకి తీసుకొచ్చి గర్భం రాకుండా మాత్ర అని ఒకటి చేతిలో పెట్టేవాడు, టాయిలెట్‌లోకి వెళ్ళి వేసుకోమనేవాడు. అది సైనైడ్. బంగారం పని చేసేవాడినని చెప్పి కొనేవాడంట. ఆ అమ్మాయి లోపల గడియ పెట్టుకుని ప్రాణం పోగొట్టుకుంటా ఉంటే వాడు రూముకెళ్ళి నగలు మూట కట్టుకుని బస్సెక్కిపోయేవాడు. 2009లో దొరికేసరికి అలా 20 మంది.

20 మంది అని నంబరు చదివేసి వెళ్ళిపోతాం గానీ ఒక్కసారి ఆగి ఆలోచించండి, ఒక్కొక్క అమ్మాయీ వెళ్ళేటప్పుడు మంచి చీర కట్టుకుని వెళ్ళింది, పెళ్ళనుకుని వెళ్ళింది. ఆఖరుగా తీర్పొచ్చిన కేసులో చనిపోయిన అమ్మాయి కాసరగోడులో ఒక లేడీస్ హాస్టల్‌లో వంట చేసేది, వయసు 25. వంటలు చేసి నాలుగు గాజులు కూడబెట్టుకుని ఉంటాది. మా చెల్లి జీడిపిక్కలు కొట్టీ కొట్టీ నల్లబడిపోయిన వేళ్ళతో కూడబెట్టుకున్న రెండు తులాలు నాకు గుర్తొచ్చాయి.

అన్నిటికన్నా నన్ను నిద్ర పోనివ్వనిది ఇంకొకటుంది. ఇన్నేళ్ళు వాడెలా తప్పించుకున్నాడు? పెద్ద తెలివైనోడు అని కాదు. బస్టాండు టాయిలెట్‌లో గడియ పెట్టుకుని చనిపోయిన అమ్మాయిని చూసి ఆ ఊరి పోలీసులు ఆత్మహత్య అనుకున్నారు, శవం ఎవరిదో తెలీదు, ఫైలు మూసేశారు. పక్క జిల్లాలో అలాంటిదే ఇంకొకటుందని ఒకళ్ళనొకళ్ళు అడుక్కోలేదు. ఇటు ఇళ్ళ దగ్గరేమో, అమ్మాయి ఎవడితోనో లేచిపోయిందని, పరువు పోతాదని చాలామంది గట్టిగా వెతకలేదు, ఎక్కడో ఒకచోట కాపురం చేసుకుంటుందిలే అనుకున్నారు. అంటే శవం ఒక ఊళ్ళో ఉంది, ఎదురుచూసే తల్లి ఇంకో ఊళ్ళో ఉంది, రెండింటినీ కలిపేవాళ్ళే లేరు. వాడు బతికింది ఆ సందులోనే.

చివరికి దొరికింది కూడా ఒక ఊరు ఊరుకోకపోవడం వల్లే. 2009 జూన్‌లో బంట్వాళ దగ్గర 22 ఏళ్ళ అమ్మాయి కనపడకుండా పోతే వేరే మతం అబ్బాయితో వెళ్ళిపోయిందని పుకారు లేచింది, గొడవైంది, ఆమె కులం వాళ్ళూ ఊరివాళ్ళూ వెళ్ళి స్టేషన్ ముందు కూర్చున్నారు. అప్పుడు పోలీసులు ఆమె ఫోన్ లిస్టు తీశారు. అందులో ఎక్కువ మాట్లాడిన నంబరు ఇంకో అమ్మాయిది, చూస్తే ఆ అమ్మాయీ కనపడట్లేదు, ఆమె లిస్టు తీస్తే ఇంకో అమ్మాయి, ఆమె కూడా లేదు. అలా ఒక ముడి పట్టుకుంటే గొలుసంతా వచ్చింది, అక్టోబర్‌లో వాణ్ణి పట్టుకున్నారు. కోర్టులో లాయరు లేకుండా తన కేసు తనే వాదించుకున్నాడు. 2013 డిసెంబర్‌లో మంగళూరు కోర్టు మొదటి కేసుల్లో ఉరిశిక్ష వేసింది, తర్వాత హైకోర్టు 2017లో ఒక కేసులో దాన్ని యావజ్జీవంగా మార్చింది, 20వ కేసు తీర్పు వచ్చేసరికి 2020 జూన్ అయిపోయింది. ఆ తల్లిదండ్రులు అన్నేళ్ళు కోర్టుల చుట్టూ తిరిగారు.

ఇప్పుడు మా సంగతికొస్తే, ఆ ఫేస్‌బుక్ మనిషి అలాంటోడే అని నేననను, నాకు తెలీని మాట నేను చెప్పను. మా ఆయన ఫోన్ తీసుకుని మర్యాదగానే అడిగారు, "బాబూ మీ ఊరు చెప్పండి, మేమే వచ్చి మీ అమ్మగారితో మాట్లాడతాం" అని. సాయంత్రం చెప్తానన్నాడు. ఆ సాయంత్రం నుంచి ఆ నంబరు పని చెయ్యలేదు, ఫేస్‌బుక్‌లో పేరూ లేదు. మా చెల్లి నాలుగు రోజులు అన్నం సరిగ్గా తినలేదు, నామీద కోపంగా ఉండేది, "అప్పా, నువ్వే పాడుసేసావు" అంది. అననివ్వండి.

తర్వాతే ఈ బ్యూరోకి వచ్చాం. రిజిస్ట్రేషన్ 1500 తీసుకున్నారు, రసీదు ఇచ్చారు. నడిపేది ఒక రిటైర్డ్ టీచర్ గారు, ఆవిడ పెట్టుకున్న పద్ధతి నాకు నచ్చింది. అమ్మాయి ఫోన్ నంబర్, ఫోటో ముందుగా ఎవరికీ ఇవ్వరు. అబ్బాయి వాళ్ళు ఆధార్, ఉద్యోగం ఐడీ, రెండో పెళ్ళైతే విడాకుల కాగితం లేదా మొదటి భార్య డెత్ సర్టిఫికెట్ తెచ్చి చూపించాలి, జెరాక్స్ తీసుకుంటారు. ఆ తర్వాత ఆవిడ మనిషి ఒకాయన బండి మీద ఆ ఊరు వెళ్ళి ఇల్లు చూసి, పక్కింటి వాళ్ళని, కిరాణా కొట్టు వాళ్ళని, ఆ వీధిలో ఎవరో ఒక ఆడమనిషిని తప్పకుండా అడిగొస్తారు. మగాళ్ళు మగాళ్ళ గురించి ఏం చెప్తారమ్మా, ఆడవాళ్ళని అడిగితేనే తెలుస్తాది అన్నారావిడ. అది నిజం, మా చెల్లికి చూసిన మొదటి సంబంధం నరసన్నపేట వైపుది, కాగితాలన్నీ బాగున్నాయి, పక్కింటావిడ మాత్రం మొదటి భార్య వంటింట్లో కాలిపోయిందని, అప్పట్లో పోలీసులు వచ్చెళ్ళారని చెప్పిందంట. టీచర్ గారు మాకు ఫోన్ చేసి "ఈ సంబంధం నేను చూపించను" అని అంతే చెప్పారు, మిగతాది మేం గట్టిగా అడిగితే చెప్పారు. ఆ ఒక్క ఫోన్ కాల్‌కే నేను మూడు స్టార్లు ఇస్తాను.

మొదటిసారి చూసుకోడం కూడా మన ఇంట్లోనో గుడి దగ్గరో పెద్దవాళ్ళ ఎదురుగానే. మాకు అరసవల్లిలో పెట్టారు. అబ్బాయి తరఫున కనీసం ఇద్దరు బంధువులు రావాలి, ఒక్కడే వస్తే వెనక్కి పంపేస్తారు. మోహన్ చేసిన ఒక్క పనీ ఈ పద్ధతిలో కుదరదు, కూర్చుని ఒక్కొక్కటీ ఆలోచించి చూశాను, వాడికి అమ్మా నాన్నా ఊరూ ఇల్లూ పక్కింటివాళ్ళూ ఎవరూ ఉండకూడదు, ఒక్కడే వచ్చి ఒక్కదాన్నే తీసుకెళ్ళాలి, అప్పుడే వాడి పని అవుతాది.

ఒక స్టార్ ఎందుకు తీశానంటే. కౌంటర్‌లో కూర్చునే అమ్మాయి అందరి ముందే "సెకండ్ మ్యారేజ్ వాళ్ళు ఇటు రండి" అని గట్టిగా పిలుస్తాది, మా చెల్లి మొహం చూడాల్సింది ఆ రోజు. పెద్దావిడతో చెప్పాను, మారుస్తామన్నారు, రెండోసారి వెళ్ళినప్పుడూ అలాగే పిలిచింది. ఇంకోటి, విశాఖ, విజయనగరం దాటి ఉన్న సంబంధాలకి మనిషిని పంపరు, ఫోన్లోనే విచారిస్తారు. హైదరాబాద్, చెన్నైలో పనికెళ్ళిన మనవాళ్ళ సంబంధాలే ఇక్కడ సగం ఉంటాయి కదా, అక్కడే అసలు విచారణ కావాలి. ఖర్చులు మేమిస్తామన్నా కుదరదన్నారు. దీనికి ఏదో ఒక దారి చూడాలి మేడం, మీరు ఇది చదువుతారని తెలిసే రాస్తున్నాను.

ఆ కౌంటర్ అమ్మాయే ఇంకో మాటంది, నేను చాలా ప్రశ్నలడుగుతున్నానని విసుగొచ్చి, "ఆడపిల్ల తరఫు వాళ్ళు ఇన్ని ఆరాలు తీస్తే సంబంధాలు నిలబడవండీ" అని. చిన్నపిల్ల, తెలీక అంది. కానీ ఈ మాట మన ఇళ్ళల్లో అందరూ అంటారు. తెలంగాణలో హాజీపూర్ సంగతి గుర్తుందా, 2019లో, బొమ్మలరామారం మండలం. ఊరికి బస్సు సరిగ్గా లేదు, కాలేజీ నుంచి, స్కూలు నుంచి వచ్చే పిల్లలకి బండి మీద లిఫ్ట్ ఇచ్చి ఆ ఊరివాడే ముగ్గురిని చంపి పాడుబడ్డ బావుల్లో పడేశాడు. 14 ఏళ్ళ పాప కోసం వెతికితే బావిలో దొరికింది, తర్వాత అంతకుముందు పోయిన మరో ఇద్దరి సంగతి బయటపడింది. అందులో ఒకమ్మాయి పోయి నెల దాటినా ఇంట్లోవాళ్ళు కంప్లైంటే ఇవ్వలేదు, ఎవరితోనో వెళ్ళిపోయిందనుకున్నారు. నల్గొండ కోర్టు 2020 ఫిబ్రవరిలో వాడికి ఉరిశిక్ష వేసింది. ఆరా తీస్తే సంబంధం పోతాదని ఒకళ్ళు, కంప్లైంట్ ఇస్తే పరువు పోతాదని ఒకళ్ళు. ఆడపిల్ల కనపడకపోతే ఏ స్టేషన్‌లో అయినా జీరో ఎఫ్‌ఐఆర్ రాయించుకోవచ్చు, మా ఏరియా కాదు పొమ్మనడానికి లేదు, ఫోన్ చెయ్యాలంటే 112. బ్యూరో గోడ మీద దేవుడి ఫోటోల పక్కన ఇదొక కాగితం అంటించండి అని అడిగాను, మూడో వారానికి అంటించారు, అది నాకు సంతోషమనిపించింది.

ప్రస్తుతం టెక్కలి వైపు సంబంధం ఒకటి నడుస్తోంది. అబ్బాయికి 36, భార్య జబ్బు చేసి పోయింది, ఒక పాప. ఇల్లు చూసొచ్చారు, పిన్ని కూడా వెళ్ళి చూసింది, వాళ్ళ అమ్మతో రెండు గంటలు కూర్చుంది. మా చెల్లి "అప్పా, ఇంకోసారి కలిసి మాట్లాడాక చెప్తాను" అంది, తొందరేమీ లేదని చెప్పాను. కుదిరితే బ్యూరోకి 10000 ఇవ్వాలి, ముందు అడగరు.

వెళ్ళేవాళ్ళు ఆదివారం వెళ్ళకండి, కూర్చోడానికి చోటుండదు, మంగళవారం పొద్దున్న ఖాళీగా ఉంటాది, పెద్దావిడ కూడా తీరిగ్గా మాట్లాడతారు. విడాకుల కాగితం ఒరిజినల్ తీసుకెళ్ళండి, జెరాక్స్ వాళ్ళే తీసి వెనక్కిచ్చేస్తారు. పెద్దవాళ్ళుంటే కింద టీ కొట్టు దగ్గర కూర్చోబెట్టి ఫోన్ చెయ్యండి, ఆవిడే దిగొచ్చి మాట్లాడతారు, మా పిన్నికి మూడోసారి నుంచి అలాగే చేశారు.