మండలాఫీసు ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపు: అమ్మ నామినేషన్ రాయించింది ఇక్కడే

శ్రీకాళహస్తి పక్కన మా మండలాఫీసు ఎదురుగా, వేపచెట్టు కింద ఉంటుందీ షాపు. 2021 ఫిబ్రవరి పంచాయతీ ఎన్నికల్లో అమ్మ వార్డు మెంబరుగా నిలబడింది. మొన్న తమ్ముడి క్యాస్ట్ సర్టిఫికెట్ కోసం మళ్లీ వెళ్లాను. ఇప్పుడైనా ఆ షాపు నడిపే అన్న గురించి రాయాలనిపించింది.

మేం యానాదులం, ఎస్టీలం. అంతకుముందు వెళ్లిన ఇంకో షాపులో "మీకెందుకీ ఎలక్షన్లు, ఎవరు పంపించారు?" అన్నారు. ఈ అన్న స్టూలు జరిపి "కూర్చోండక్కా, ఎన్నో వార్డు?" అన్నాడు. ఊళ్లో చిన్నపిల్లలు కూడా అమ్మను "ఏమే" అనే పిలుస్తారు. ఆ "అక్కా" అన్న మాటకు అమ్మ వెంటనే కూర్చోలేకపోయింది.

అమ్మ పేరు ఆధార్‌లో ఒకలా, ఓటరు లిస్టులో ఇంకోలా ఉంది. ఆయన లిస్టు మీద స్కేలు పెట్టి వరుసవరుసా వెతికి, లిస్టులో ఉన్నట్టే ఫారం నింపాడు. ప్రతిపాదించే మనిషి అదే వార్డు ఓటరై ఉండాలన్నాడు. కాలనీ అంతా ఒకే రైతు దగ్గర కూలికి పోతుంది, సంతకం పెడితే పని పోతుందని భయం. చివరికి పిన్ని పెట్టింది. అమ్మ వేలిముద్ర వేస్తానంటే "టైముందక్కా, సంతకం నేర్చుకోండి" అని పాడైన జిరాక్స్ కాగితాల వెనక రాయించాడు. పద్నాలుగోసారికి కుదిరింది.

డిపాజిట్ ఎస్టీలకు 500, అమ్మకు రెండు రోజుల కూలి. తొమ్మిది ఓట్లతో ఓడింది.

రాష్ట్రంలో 175 అసెంబ్లీ సీట్లలో ఎస్టీలకు 7. అన్నీ పాలకొండ నుంచి పోలవరం దాకా ఉన్న ఏజెన్సీ వైపే. ఊరికి పది గడపలుగా చెదిరిపోయిన మాకు నెల్లూరు, చిత్తూరు పక్క ఒక్కటీ లేదు. మాకు వార్డు మెంబరే మొదటి మెట్టు, అదీ ఇలాంటి షాపులోనే మొదలవుతుంది.

ముగ్గురు పిల్లలున్నారని అప్పుడు అత్తను పోటీ వద్దన్నదీ ఈయనే. పిల్లలు ఇద్దరికి మించకూడదన్న ఆ నిబంధన 2024లో తీసేశారని మొన్న తనే గుర్తుచేసి, "అత్తకు చెప్పమ్మణ్ణీ" అన్నాడు.

ఉన్నది ఒకటే స్టూలు, మిగతావాళ్లు ఎండలో నిలబడాలి. కరెంటు పోతే పని ఆగుతుంది. పొద్దున పదిలోపు వెళ్లండి, ఓటరు లిస్టు కాపీ, రెండు ఫొటోలు తీసుకెళ్లండి.