కార్ట్ రిమ్ములు: అల్యూమినియం, మెగ్నీషియం రెండూ వాడాక

రేసింగ్ కార్ట్‌కి రిమ్ములు కొనబోయేవాళ్లు ముందు అడిగే ప్రశ్న ఒకటే: "మెగ్నీషియం వేస్తే ల్యాప్ టైమ్ ఎంత తగ్గుతుంది?" పొద్దున్నే, చల్లగా ఉన్న ట్రాక్ మీద, కొత్త టైర్లతో అయితే నాకు తెలిసి ఏమీ తగ్గదు. ఎండాకాలం మధ్యాహ్నం రేసులో, అదీ చివరి ల్యాపుల్లో మాత్రం తేడా తెలుస్తుంది. నా సమీక్ష సారాంశం ఇంతే. కాకపోతే దేనితో చేశారన్న దానికంటే ముందు చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. షాపులో వాటి గురించి ఎవరూ చెప్పరు, మనమే అడగాలి.

నేను నడిపేది రోటాక్స్ సీనియర్ మ్యాక్స్, అంటే రోటాక్స్ ఇంజన్ల కార్ట్ రేసుల్లో పెద్దవాళ్ల క్లాసు. 125 సీసీ టూ స్ట్రోక్ ఇంజను, సెకండ్‌హ్యాండ్‌లో కొన్న ఇటలీ చాసిస్, మోజో డీ5 టైర్లు. మా మేనల్లుడు జూనియర్ మ్యాక్స్‌లో నడుపుతాడు. సొంతూరు విజయవాడ అయినా ఉద్యోగం బెంగళూరులో కాబట్టి ప్రాక్టీసంతా ఎక్కువగా అక్కడి మెకో కార్టోపియా ట్రాక్‌లోనే. ఇంటివైపు వెళ్లినప్పుడు వీలు చిక్కితే హైదరాబాద్ చికేన్ సర్క్యూట్. ఒక అల్యూమినియం సెట్టు, ఒక మెగ్నీషియం సెట్టు, వాన టైర్లకి విడిగా ఇంకో అల్యూమినియం సెట్టు ఏళ్ల తరబడి మార్చి మార్చి వాడుతున్నాను. కింద రాసేదంతా ఆ వాడకంలోంచి వచ్చిందే.

ముందు సైజు. రేసు కార్ట్ రిమ్ము అడ్డకొలత 5 అంగుళాలు, దీంట్లో గందరగోళం లేదు. టైరు మీద ముందుకి 10×4.50-5 అనీ, వెనక్కి 11×7.10-5 అనీ ఉంటుంది. మొదటి అంకె టైరు ఎత్తు, రెండోది వెడల్పు, చివరిది రిమ్ము, అన్నీ అంగుళాల్లోనే. రిమ్ము వెడల్పు మాత్రం మిల్లీమీటర్లలో చెప్తారు. ముందుకి 130, వెనక్కి 210 లేదా 212. బోల్టు రంధ్రాలు మూడు. యూరప్ కార్ట్‌లలో ముందూ వెనకా అవి కూర్చునే వలయం అడ్డకొలత 67 మిల్లీమీటర్లు, అంటే ఒక రంధ్రం నుంచి ఇంకో రంధ్రానికి 58. ఈ రెండు అంకెలు ఫోన్‌లో రాసిపెట్టుకుని మరీ షాపుకి వెళ్లండి. చిన్నపిల్లల కార్ట్‌ల ముందు చక్రాలకి కొన్నిట్లో హబ్బే (రిమ్ముని బోల్టులతో బిగించే మధ్య భాగం) ఉండదు, బేరింగులు రిమ్ములోనే ఉంటాయి. అలాంటివి పెద్ద కార్ట్‌కి పనికిరావు. ఓఎల్ఎక్స్‌లో ఫొటో చూసి బేరం కుదిర్చేసుకుంటే తెలిసేది పార్సిల్ విప్పాకే.

మన దగ్గర ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు పోటీల కోసం బైకు ఇంజను పెట్టి కార్ట్‌లు తయారుచేస్తారు కదా, వాళ్లకీ ఇదే మాట. హబ్బు డ్రాయింగ్ పూర్తి చేశాక రిమ్ముల కోసం వెతక్కండి. ముందు రిమ్ములు తెచ్చి టేబుల్ మీద పెట్టుకుని ఆ తర్వాత హబ్బు గీయండి. లేత్ పని మళ్లీ చేయించే ఖర్చుతో ఇంకో రిమ్ము వచ్చేస్తుంది.

ఇక అసలు సంగతి. కార్ట్‌కి సస్పెన్షన్ లేదు, డిఫరెన్షియల్ లేదు. వెనక రెండు చక్రాలు ఒకే యాక్సిల్‌కి బిగించి ఉంటాయి కాబట్టి రెండూ ఒకే వేగంతో తిరగాల్సిందే. మలుపులో లోపలివైపు వెనక చక్రం కాస్త గాల్లోకి లేస్తేనే బండి తిరుగుతుంది. ఆ లేవడం చాసిస్ వంగడం మీద, టైరు మీద, కొంతవరకు రిమ్ము మీద కూడా ఆధారపడి ఉంటుంది. బిగువైన రిమ్ము వేస్తే బండి చురుగ్గా స్పందిస్తుంది, మెత్తని రిమ్ము వేస్తే కొంచెం ఆలస్యంగా. అదే టైరు, అదే గాలి, అదే హబ్బు ఉంచి రిమ్ము ఒక్కటే మార్చినప్పుడు మా వాడు నాలుగు ల్యాపులు తిరిగొచ్చి, "మావయ్యా, స్టీరింగ్ తిప్పీ తిప్పకముందే లోపలికి వెళ్లిపోతోంది" అన్నాడు. ఏ సెట్టు బిగించానో వాడికి చెప్పలేదు. అది మెగ్నీషియం సెట్టు.

ఇక్కడో సరదా సంగతి. పుస్తకం ప్రకారం చూస్తే మెగ్నీషియం అల్యూమినియం కంటే మెత్తనిది. వేడిని చేరవేయడంలో కూడా పోతపోసే మెగ్నీషియం మిశ్రమాలు మామూలు అల్యూమినియం మిశ్రమాల కంటే వెనకే. మరి ప్యాడక్‌లో (ట్రాక్ పక్కన బండ్లు సిద్ధం చేసుకునే చోటు) అందరూ "మెగ్నీషియం గట్టిది, వేడి లాగేస్తుంది" అని ఎందుకంటారు? నాకు అర్థమైనంతవరకు ఇదంతా తయారీలో ఉంది. మెగ్నీషియం బరువు అల్యూమినియంలో మూడింట రెండు వంతులే. అందుకని గోడ మందంగా, లోపల పక్కటెముకల్లాంటి రిబ్బులతో పోతపోసినా మొత్తం బరువు పెరగదు. ఆ మందం వల్లే బిగువు. చౌక అల్యూమినియం రిమ్ములు చాలావరకు రేకుని తిప్పుతూ ఒత్తి చేసినవి, పలచగా ఉంటాయి, కాబట్టి వంగుతాయి. అంటే మంచి పోత అల్యూమినియం రిమ్ముకీ మెగ్నీషియానికీ మధ్య ఉన్న తేడా కంటే, మంచి అల్యూమినియానికీ పలచటి అల్యూమినియానికీ మధ్య తేడా ఎక్కువ. డబ్బు తక్కువగా ఉంటే ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకుంటే చాలు.

వేడి విషయానికి వద్దాం. యూరప్‌వాళ్లు రాసిన సలహాలు చదివితే, టైరు త్వరగా వేడెక్కాలంటే అల్యూమినియం వేయండి, ఎక్కువ వేడెక్కకుండా ఉండాలంటే మెగ్నీషియం వేయండి అని ఉంటుంది. వాళ్లకి చల్లటి ట్రాక్ ఒక సమస్య. మనకి ఏప్రిల్, మే నెలల్లో ఒంటిగంటకి తారు మీద చెయ్యి పెట్టలేం, టైరు వేడెక్కడం గురించి బెంగ ఎవరికి? పోలిక కోసం నా సంగతి చెప్తాను. ఎండలో చల్లటి టైరుకి 10 పీఎస్ఐ పెట్టి దిగితే, రేసు నిడివి సెషన్ ముగించి వచ్చేసరికి అల్యూమినియం సెట్టు వెనక టైరులో 14కి దగ్గరగా చూపించేది. మెగ్నీషియంలో 13 దాటి కొంచెం. అర పీఎస్ఐ నుంచి ముప్పావు వరకు తేడా. వినడానికి చిన్నదే. కానీ కార్ట్ టైర్లలో మనం సెట్టింగ్ చేసేదే అర అర పీఎస్ఐ మార్చుకుంటూ. ఒకటి ఎక్కువైతే టైరు మధ్యభాగం ఉబ్బి, నేలకి ఆనేది తగ్గి, చివరి ల్యాపుల్లో వెనకవైపు సబ్బు పూసినట్టు జారుతుంది.

అయితే అదే మెగ్నీషియం సెట్టు డిసెంబరులో పొద్దున ప్రాక్టీసుకి వేసుకుంటే మొదటి ల్యాపులు విసుగు పుట్టిస్తాయి. పట్టు రావడానికి టైమ్ పడుతుంది. గాలి కాస్త ఎక్కువ పెట్టి సర్దుకోవచ్చు, కానీ క్వాలిఫైయింగ్‌లో కొన్ని నిమిషాలే ఉంటాయి కదా. అందుకే చలికాలం పొద్దుటి సెషన్‌కి నేను అల్యూమినియమే వేస్తాను. ఇంట్లో రెండు రకాలుంటే ఉన్న లాభం అదే. ఒక్కటే కొనగలిగితే మాత్రం కళ్లు మూసుకుని మంచి అల్యూమినియం.

ధర గురించి ఒక ముక్క. మెగ్నీషియం సెట్టు ఇంచుమించు అల్యూమినియానికి రెట్టింపు. దిగుమతి కాబట్టి రవాణా, డ్యూటీ అదనం. పేర్లలో తికమక పడకండి. ఉదాహరణకి టోనీ కార్ట్, కాస్మిక్ బండ్లు తయారుచేసే ఇటలీ కంపెనీ ఓటీకే రిమ్ముల్లో ఎంఎక్స్‌సీ, ఎంఎక్స్‌జే అన్నవి మెగ్నీషియంవి. అమెరికా కంపెనీ డగ్లస్ రెండు రకాలూ చేస్తుంది. పెట్టె మీద బ్రాండు పేరు చూసి మెగ్నీషియమే అనుకోకూడదు, మోడల్ పేరు చూడాలి.

నన్ను అన్నిటికంటే విసిగించింది గాలి దిగడం. పోతపోసిన రిమ్ములో కంటికి కనిపించనంత చిన్న చిల్లులు ఉండొచ్చు. నేను కొన్న మెగ్నీషియం సెట్టులో ఒకటి రాత్రి నింపితే తెల్లారేసరికి మెత్తబడేది. వాల్వ్ మార్చాను, టైరు మార్చాను, లాభం లేదు. చివరికి టైరు ఎక్కించి, కాస్త ఎక్కువ గాలి నింపి, స్నానాల టబ్బులో ముంచి చూశాను. అంచు దగ్గర ఏమీ లేదు. వాల్వ్ దగ్గర లేదు. చెయ్యి పెట్టి నెమ్మదిగా తిప్పుతుంటే, రిబ్బు గోడని కలిసే మూలలో ఆవగింజ కంటే చిన్న బుడగ ఒకటి పుట్టి, కాసేపు అక్కడే అతుక్కుని, పైకి తేలింది. కాసేపటికి అదే చోట ఇంకొకటి. అమ్మినాయన మంచివాడు కాబట్టి మార్చి ఇచ్చాడు గానీ నెలన్నర పట్టింది. కాబట్టి కొత్తవైనా సరే, రేసుకి వారం ముందే టైరు ఎక్కించి ఒక రాత్రి ఉంచి చూడండి. నాలుగింటికీ గాలి రాసిపెట్టుకుని పొద్దున పోల్చండి.

లీకయ్యే ఇంకో చోటు స్క్రూలు. టైరు అంచు జారి రిమ్ము లోపలికి పడిపోకుండా బయటివైపు మూడు చిన్న స్క్రూలు ఉంటాయి. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం కనీసం మూడు ఉండాలి. టెక్నికల్ చెకింగ్‌లో అవి లేకపోతే వెనక్కి పంపిస్తారు. ఆ స్క్రూల కింద రబ్బరు ఓ-రింగులు ఉంటాయి, మన ఎండకి త్వరగా ఎండి బీటలు వారతాయి. ఓ-రింగుల ప్యాకెట్టు ధర ఏపాటి? టూల్ బాక్సులో ఎప్పుడూ ఉండాలి. స్క్రూ బిగించేటప్పుడు ఒక్క విషయం: మెగ్నీషియంలో మరలు తొందరగా అరిగిపోతాయి. అలెన్ కీ పొట్టి చివర పట్టుకుని వేళ్లతో బిగించండి, పొడుగు చివర పట్టుకుని బలం చూపించక్కర్లేదు.

సెకండ్‌హ్యాండ్ రిమ్ములు కొంటుంటే ముందు వంకర చూడాలి. హబ్బుకి బిగించి, బంపర్ మీద స్క్రూడ్రైవర్ ఆనించి దాని మొన రిమ్ము అంచుకి ఒక మిల్లీమీటరు దూరంలో ఉంచి చక్రం తిప్పండి. సందు పెరిగి తగ్గుతుంటే వంకరే. లోపలివైపు అంచు తప్పనిసరిగా చూడండి, ట్రాక్ అంచున ఉండే కర్బు ఎక్కినప్పుడు దెబ్బ తగిలేది దానికే. అల్యూమినియం అయితే కొద్దిపాటి వంకర కొందరు మెకానిక్‌లు సరిచేస్తారు. మెగ్నీషియం అలా కాదు, వంగే బదులు పగులుతుంది. బోల్టు రంధ్రాల చుట్టూ, రిబ్బు మొదట్లో వెంట్రుక లాంటి గీత కనిపిస్తే ఎంత చవకైనా వదిలేయండి. "వెల్డింగ్ చేయిద్దాం అన్నా, ఏం కాదు" అనేవాళ్లు ప్రతి ప్యాడక్‌లోనూ ఉంటారు. నేనైతే వెల్డింగ్ చేసిన రిమ్ముతో మా వాడిని ట్రాక్ మీదకి పంపను. గ్రైండింగ్ గురించి కూడా చెప్పాలి: మెగ్నీషియం పొడి అంటుకుందంటే ఆర్పడం కష్టం, నీళ్లు పోస్తే ఇంకా భగ్గుమంటుంది. గ్రైండర్ దాని దరిదాపులకి తేవద్దు.

నీళ్లన్నా మెగ్నీషియానికి పడదు. పెయింటు లేచిన చోట, స్టీలు బోల్టు తగిలే చోట తెల్లటి బూజులాంటిది పట్టి మెల్లగా తింటుంది. అందుకే నా వాన సెట్టు అల్యూమినియమే. వాన టైరు వెనక సైజు 11×6.00-5, ఎండ టైరు కంటే సన్నం. దానికి 180 మిల్లీమీటర్ల రిమ్ము వాడతారు. ఉన్న 210 మీదే ఎక్కించేద్దాం అనుకుంటారు కొందరు. ఎక్కుతుంది, కానీ పక్కగోడలు బయటికి సాగి టైరు ఆకారం మారిపోతుంది. వాన సెట్టుకి సన్నటివి నాలుగు చవకవి చాలు, పైగా రేసు మధ్యలో వాన మొదలైతే టైర్లు విప్పి మళ్లీ ఎక్కించే టెన్షన్ ఉండదు, చక్రాలే మార్చేయొచ్చు.

టైరు ఎక్కించే ముందు అంచు కూర్చునే గాడిలో పాత రబ్బరు ముక్కలు లేకుండా తుడవండి. మెగ్నీషియం మీద వైరు బ్రష్షు వాడొద్దు, ప్లాస్టిక్ గరిట, తడిగుడ్డ చాలు. అంచుకి సబ్బునీళ్లు రాసి, మూడు స్క్రూలు తీసి, కంప్రెసర్ పెడితే రెండు వైపుల అంచులూ కూర్చుంటూ రెండుసార్లు 'టప్' మంటుంది. ఆ రెండూ వినపడకపోతే గాలి పెంచుకుంటూ పోకండి, 4 బార్ (58 పీఎస్ఐ) దాటనివ్వొద్దు. దింపేసి, మళ్లీ సబ్బు రాసి ప్రయత్నించండి. వేళ్లు రిమ్ముకీ టైరుకీ మధ్య లేకుండా చూసుకోండి.

రిమ్ము కంపెనీ మార్చిన ప్రతిసారీ టేపు తీసి వెనక మొత్తం వెడల్పు కొలవాలి. రెండూ 210 అని రాసి ఉన్నా హబ్బు నుంచి బయటికి వచ్చే దూరం వేరువేరుగా ఉండొచ్చు. నిబంధన 1400 మిల్లీమీటర్లు. కొలవకుండా దిగితే రెండు నష్టాలు: దాటితే డిస్‌క్వాలిఫై, దాటకపోయినా సెట్టింగ్ మారిపోయిన సంగతి మనకి తెలియకుండానే "రిమ్ము బాగాలేదు" అనుకుంటాం. హబ్బు ఆ మేరకు జరిపి, పాత వెడల్పుకి తెచ్చాకే రెండు రిమ్ములని పోల్చండి.

చిన్నపిల్లల క్లాసుల్లో కొన్ని సిరీస్‌లు ఖర్చు పెరగకూడదని మెగ్నీషియం అనుమతించవు, కాబట్టి పిల్లల కోసం కొనేవాళ్లు ముందు ఆ సీజన్ రూల్‌బుక్ చదవండి. ఇంకా, కొనేటప్పుడు ఆ మోడల్‌లో వెనక రిమ్ము ఒక్కటే విడిగా దొరుకుతుందా అని షాపులో అడగండి. రేసుల్లో దెబ్బతినేది ఎక్కువగా వెనకవే. సెట్టుగా తప్ప అమ్మం అంటే నేను ఆ మోడల్ జోలికి పోను.