పొత్తు మీదా, కప్పులోనా? మెక్సికన్ మొక్కజొన్న ఇంట్లో చేస్తే ఏది మేలు

ఈ ఎండాకాలం మొదలైనప్పటి నుంచి నన్ను ఎక్కువమంది అడిగింది ఇదే. "అక్కా, మెక్సికన్ కార్న్ ఇంట్లో చేస్తే పొత్తు పళంగా ఎలోతె చేయాలా, గింజలు ఒలిచి ఎస్కీతెస్ చేయాలా?" టెక్సస్‌లో ఉన్న మాకు రెండూ బండి మీద దొరుకుతాయి. రుచి తెలిసిపోయాక ఇంట్లో చేయాలనిపించడం సహజం. మొన్న జులై 4 సెలవుకి మా ఇంటికి పద్నాలుగు మంది వచ్చారు. అప్పుడు నేనూ రెండింటి మధ్య ఊగిసలాడి, చివరికి ఎస్కీతెస్ చేశాను. ఎందుకో చెబుతాను. అయితే మీ ఇంట్లో ఉన్న మొక్కజొన్నను బట్టి నా జవాబు తలకిందులు కావచ్చు.

పైన పడేవి రెండింటికీ ఒకటే: మయోనీస్, క్రెమా అనే పుల్లటి మీగడ, మిచోవకాన్ రాష్ట్రంలోని ఊరి పేరు పెట్టుకున్న కోతీహా చీజ్, మిరప్పొడి, నిమ్మరసం. అందరూ వీటి కొలతల గురించే టెన్షన్ పడతారు. నా అనుభవంలో రుచిని తేల్చేది వీటిలో ఏదీ కాదు, మొక్కజొన్న రకం.

మెక్సికోలో బండి మీద అమ్మే పొత్తు స్వీట్ కార్న్ కాదు. అక్కడ 'ఎలోతె' అంటేనే లేత కంకి, మెక్సికో ఆదివాసుల నావాత్ల్ భాష నుంచి వచ్చిన మాట. గింజ పాలు పోసుకున్న దశలో కోసిన మామూలు మొక్కజొన్న అది. తోలూకా లోయలో పండే కాకావాసింత్లె అనే రకం గింజలు ఇంతేసి లావుగా, తెల్లగా ఉంటాయి. అందులో తీపి తక్కువ, పిండి ఎక్కువ. నమిలితే మన నాటు పొత్తు ఉడకబెట్టి తిన్నట్టే ఉంటుంది. అలాంటి చప్పటి, గట్టి గింజకి మయోనీస్ జిడ్డు, చీజ్ ఉప్పదనం, నిమ్మ పులుపు తోడైతేనే రుచి నిండుతుంది.

ఇప్పుడు అదే సరంజామా అమెరికా సూపర్ మార్కెట్ స్వీట్ కార్న్ మీద వేయండి. గింజ నిండా చక్కెర, నీళ్లు. కొరకగానే తియ్యటి నీరు చిమ్ముతుంది, దాని మీద మయోనీస్ జారిపోతుంది. పొత్తు కోసిన తర్వాత చక్కెర మెల్లగా పిండిగా మారుతుందంటారు, నిజమే. కానీ సూపర్ స్వీట్ రకాల్లో ఆ మార్పు బాగా నెమ్మది. నాలుగు రోజులు ఫ్రిజ్‌లో పెట్టినా తీపి పెద్దగా తగ్గదు. కాబట్టి స్వీట్ కార్న్‌తో చేసేవాళ్లు నీటిని ఎగరగొట్టాలి, తీపికి కాస్త మాడిన చేదును జోడించాలి. ఈ రెండు పనులూ ఇంటి పొయ్యి మీద ఏ పద్ధతిలో బాగా జరుగుతాయన్నదే అసలు ప్రశ్న.

పొత్తును గ్యాస్ మంట మీద నేను చాలాసార్లు కాల్చాను. మంట తగిలిన వైపు గింజల నెత్తులు నల్లబడతాయి, మొదళ్లు పచ్చిగానే ఉంటాయి. ముందు ఉడకబెట్టి తర్వాత కాలిస్తే పచ్చిదనం పోతుంది కానీ గింజ మరింత నీరు పడుతుంది. బొగ్గుల సంగతి వేరు. నిప్పుల సెగ చుట్టూ తగులుతూ గింజను లోపలి దాకా మగ్గిస్తుంది, పొగ వాసన పట్టిస్తుంది. బొగ్గుల గ్రిల్లు, దాని ముందు నిలబడే ఓపిక ఉన్నవాళ్లకి స్వీట్ కార్న్‌తో కూడా ఎలోతె బాగానే కుదురుతుంది. పద్నాలుగు మందికి పద్నాలుగు పొత్తులు తిప్పుతూ నిలబడే ఓపిక ఆ రోజు నాకు లేదు.

గింజలు ఒలిస్తే కథ మారిపోతుంది. నాలుగు పొత్తులకి సుమారు మూడు కప్పుల గింజలు వస్తాయి. మందపాటి ఇనుప పెనం బాగా వేడెక్కాక ఒక చెంచా వెన్న వేసి, గింజలు ఒకే వరసలో పరిచి, రెండు మూడు నిమిషాలు కదపకుండా వదిలేయాలి. ఇక్కడే చాలామంది ఆగలేక గరిటె తిప్పేస్తారు, అప్పుడు గింజలు వేగకుండా ఉడుకుతాయి. చిటపటలు మొదలై, అడుగున ముదురు గోధుమ రంగు మచ్చలు కనిపించాక ఒకసారి తిప్పి మళ్లీ వదిలేయండి. ఎనిమిది పది నిమిషాల్లో ప్రతి గింజకీ కొద్దిగా మాడిన అంచు వస్తుంది, నీరు ఇగిరిపోతుంది. దించి రెండు నిమిషాలు చల్లారాకే మయోనీస్ కలపాలి, పొయ్యి మీద ఉండగా కలిపితే విరిగి నూనె తేలుతుంది. నాలుగు పొత్తులకి రెండు పెద్ద చెంచాల మయోనీస్, ఒక చెంచా క్రెమా, ఒక నిమ్మకాయ రసం, గుప్పెడు చీజ్ చాలు.

మెక్సికో సిటీలో ఎస్కీతెస్ ఇలా పొడిగా ఉండవు కదా అని ఒకరు అడిగారు. నిజమే, అక్కడ చాలా బండ్ల మీద గింజల్ని ఎపాసోతె ఆకు, ఉప్పు, మిరపకాయ వేసిన నీళ్లలో ఉడికించి, ఆ రసంతోనే కప్పులో పోస్తారు. కానీ 'ఎస్కీతెస్' అనే మాట పుట్టింది 'వేయించడం' అనే అర్థమున్న నావాత్ల్ మాట నుంచే. అందుకే పెనం మీద వేయించడం తప్పని నాకు అనిపించదు. పైగా ఉడికించే పద్ధతి పిండి మొక్కజొన్నకి నప్పుతుంది, స్వీట్ కార్న్‌కి నప్పదు.

కప్పు వైపు మొగ్గడానికి నాకు ఇంకో కారణం ఉంది. మా మామయ్యగారు గుంటూరు నుంచి వచ్చి ఉన్నారు. పళ్లు కట్టించుకున్నాక పొత్తు కొరకడం మానేసి చాలా ఏళ్లయింది. కప్పు, చెంచా చేతికిస్తే మొదట మొహమాటపడ్డారు, తర్వాత "ఇంకొంచెం ఉందా అమ్మా?" అని అడిగారు. ఆయన మళ్లీ మొక్కజొన్న తినడం చూసి నాకు కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు.

ఎలోతెకి ఉన్న అందం కప్పుకి రాదు, ఆ మాట ఒప్పుకోవాలి. పుల్ల గుచ్చిన పొత్తును చేత్తో పట్టుకుని, మూతంతా చీజ్ అంటుకునేలా కొరకడంలో ఉన్న సరదా చెంచాతో ఎక్కడ వస్తుంది? ఎవరి కారం వాళ్లు చల్లుకోవచ్చు కూడా. ఎస్కీతెస్ కలిపి అరగంట ఉంచితే నీరు వదులుతాయి కాబట్టి విడతలు విడతలుగా కలపాల్సిందే.

మరి మీకు నాటు మొక్కజొన్న దొరికితే? అప్పుడు సందేహం లేకుండా ఎలోతె. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో వానాకాలంలో వచ్చే లేత నాటు పొత్తు, మా స్వీట్ కార్న్ కన్నా మెక్సికో పొత్తుకి ఎంతో దగ్గర. కుక్కర్లో ఉప్పు వేసి నాలుగైదు విజిల్స్ రానిచ్చి, బయటికి తీశాక గుడ్డతో తడి పూర్తిగా తుడవండి. తడి మీద మయోనీస్ నిలవదు. ముందు మయోనీస్, తర్వాత చీజ్, ఆపైన కారం, నిమ్మ ఆఖరున. మయోనీస్ వద్దనుకుంటే నిప్పుల మీద కాల్చి నిమ్మచెక్కతో ఉప్పూ కారం రుద్దుకోండి. మెక్సికోలోనూ కాల్చిన పొత్తును అలా తింటారు, మన రోడ్డు పక్కన బండి దగ్గర తిన్నట్టే.

ఇండియాలో మయోనీస్ గురించి ఒక మాట. పచ్చి గుడ్లతో చేసే మయోనీస్‌ని తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరులో ఏడాది పాటు నిషేధించింది. గుడ్డు లేనివి వాడదామంటే చాలావాటిలో చక్కెర ఉంటుంది. స్వీట్ కార్న్ మీద అది వేస్తే తీపి మీద తీపి. దానికన్నా గుడ్డలో కట్టి నీరు ఓడ్చిన పెరుగులో కాస్త మీగడ, చిదిమిన వెల్లుల్లి కలపడం మేలు. కోతీహా బదులు ఫెటా చీజ్ బాగుంటుంది. అదీ లేకపోతే పనీర్ పొడిచేసి, ఉప్పు బాగా పట్టించి, గంటసేపు ఫ్రిజ్‌లో ఆరనివ్వండి. తహీన్ అనే మెక్సికన్ మిరప, నిమ్మ, ఉప్పు పొడి కోసం వెతకక్కర్లేదు, కాశ్మీరీ కారంలో ఉప్పు, నిమ్మరసం చాలు.

ఫ్రోజెన్ గింజలు పెనం పద్ధతికి పనికొస్తాయి, కరిగాక తడి ఆర్చుకోవాలి. ఎయిర్ ఫ్రయర్‌లో పొత్తు ఎండిపోతుంది, నాకు నచ్చలేదు. చిప్స్ ప్యాకెట్ చింపి అందులో ఎస్కీతెస్ పోసుకోవడం పిల్లలకి ఇష్టం.

గింజలు ఒలిచాక మిగిలిన బెండ్లు మాత్రం పారేయకండి. వాటిని ఉప్పు, ఒక పచ్చిమిర్చి వేసి ఇరవై నిమిషాలు మరిగిస్తే లేత పసుపు రసం దిగుతుంది. వేయించిన గింజల మీద ఆ రసం రెండు చెంచాలు వేడివేడిగా పోసి, అప్పుడు నిమ్మ పిండి చూడండి.