నెదర్లాండ్స్ చలివానలో సైకిల్ తొక్కడానికి ఏ గ్లౌజులు మేలు?

అక్టోబర్ ఆఖరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి జరుగుతాయో లేదో, ఐండ్‌హోవెన్‌లో కొత్తగా ఉద్యోగంలో చేరిన మనవాళ్లు వరసపెట్టి ఒకటే అడుగుతారు: "సైకిల్ మీద ఆఫీసుకు వెళ్లడానికి ఏ గ్లౌజులు కొనమంటారు? వెచ్చగా ఉండాలి, తడవకూడదు." ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు ఒకేచోట రాసేస్తున్నాను.

ఇక్కడి చలి లద్దాఖ్ చలి కాదు. జనవరి సగటు 3, 4 డిగ్రీలే. మంచు పడే రోజులు తక్కువ, ముసురు పట్టే రోజులు ఎక్కువ. చిక్కంతా ఆ ముసురుతోనే. పొడి చలైతే మైనస్‌లోకి వెళ్లినా మందంగా ఏదో ఒకటి తొడుక్కుని నెట్టుకురావచ్చు. తడి చేతికి ఆ అవకాశం లేదు. నీరు గాలికంటే పాతిక రెట్లు ఎక్కువగా వేడిని లాగేస్తుంది. పైగా 2 డిగ్రీల్లో గంటకు 20 కిలోమీటర్ల గాలి తగిలితే ఒంటికి మైనస్ 3 లా అనిపిస్తుంది. కాళ్లు తొక్కుతూ వేడెక్కుతాయి. చేతులు హ్యాండిల్ పట్టుకుని కదలకుండా కూర్చుంటాయి. పావుగంట తిరక్కుండానే వేళ్లు కొంకర్లు పోతాయి.

కొనేవాళ్లంతా చూసేది రెండే: వెచ్చదనం, వాటర్‌ప్రూఫ్. నేను మూడోది చూస్తాను, దానికే ఎక్కువ మార్కులు వేస్తాను. పొద్దున తడిసిన గ్లౌజు సాయంత్రానికి ఆరుతుందా? ఆఫీసుకు వెళ్లేవాళ్లకు రోజూ రెండు ప్రయాణాలు. డిసెంబర్‌లో నాలుగున్నరకే పొద్దుగూకుతుంది. తిరుగు ప్రయాణం చీకట్లో, చలిలో. అప్పుడు చల్లటి చెమ్మలోకి చెయ్యి దూర్చడమంత చిరాకు ఇంకోటి లేదు.

ఆ లెక్కన చూస్తే, దుకాణాల్లో ముందు వరసలో పెట్టే ఖరీదైన మందపాటి వాటర్‌ప్రూఫ్ గ్లౌజులే వెనకబడతాయి. వాటిలో మూడు పొరలుంటాయి: పైన గుడ్డ, లోపల మెత్తటి లైనింగ్, రెండింటి మధ్య గోర్‌టెక్స్ లాంటి పలుచని పొర. ఆ పొర వాన నీటిని ఆపుతుంది, ఆవిరిని బయటికి పోనిస్తుంది. మాట నిజమే. కానీ పైగుడ్డ మీద నీళ్లు జారిపోయేలా వేసిన పూత వాడకంలో అరిగిపోతుంది. ఆ తర్వాత పైగుడ్డ నీళ్లు పీలుస్తుంది. లోపలికి చుక్క రాకపోయినా చేతి చుట్టూ తడిగుడ్డ చుట్టినట్టే. ఆవిరి బయటికి పోయే దారీ మూసుకుపోతుంది కాబట్టి లోపల చెమట నిలుస్తుంది. "గ్లౌజు కారుతోంది" అని తిట్టుకునేవాళ్లలో చాలామందికి తగిలేది వాన కాదు, సొంత చెమటే. ఇక ఆ లైనింగ్ ఆరాలంటే గాలి ఆడేది మణికట్టు దగ్గరున్న కంత నుంచి మాత్రమే. ఆఫీసు రేడియేటర్ (గది హీటర్) మీద పెట్టినా ఐదింటికి వేలి కొసలు తడిగానే ఉంటాయి.

ఇంకో గొడవ కూడా ఉంది. తడి చేతిని బయటికి లాగితే వేళ్లతోపాటు లైనింగ్ కూడా ఊడి వస్తుంది. మళ్లీ లోపలికి తోయడానికి ఒక్కో వేలికీ పెన్ను పట్టుకుని కుస్తీ పట్టాలి. దుకాణంలోనే చూసుకోండి: గ్లౌజు తొడిగి, గట్టిగా పిడికిలి బిగించి, గబుక్కున లాగండి. లైనింగ్ కదిలిందంటే అక్కడే పెట్టేసి రండి. అయినా ఇవే కావాలనుకుంటే సైజు వదులుగా తీసుకోండి. బిగుతుగా ఉంటే రక్తం సరిగా ఆడదు, వెచ్చదనానికి కావలసిన గాలీ లోపల నిలవదు.

నేను తొడిగేది రెండు విడి పొరలు. లోపల పలుచని ఉన్ని గ్లౌజు, పైన లైనింగ్ లేని వాటర్‌ప్రూఫ్ తొడుగు, ఒక సైజు పెద్దది. చూడ్డానికి ఏమంత గొప్పగా ఉండదు. ఆఫీసుకు చేరాక రెండూ విడదీసి, తొడుగు దులిపి కుర్చీకి తగిలిస్తే కాసేపటికే ఆరిపోతుంది. పలుచని ఉన్నిది మధ్యాహ్నానికి ఆరుతుంది. ఆరకపోతే? బ్యాగులో ఇంకో జత ఉంటుంది, జేబురుమాలంత చోటు పట్టదు. ఉన్ని కొంచెం చెమర్చినా చేతికి చల్లగా తగలదు. నూలుది మాత్రం వద్దు. వాన లేని రోజు తొడుగు మానేయొచ్చు, మార్చిలో ఉన్నిది మానేయొచ్చు. లోటు ఏమిటంటే పట్టు కాస్త మొద్దుగా ఉంటుంది, తాళం చెవి తిప్పాలంటే పైది తీయాల్సిందే. సున్నాకు దిగువన గంటసేపు తొక్కాలంటే కూడా ఇది చాలదు.

ఏ రకమైనా సరే, జాకెట్ చెయ్యి గ్లౌజు పైనుంచి రావాలి. చేతులు హ్యాండిల్ వైపు కిందికి వాలి ఉంటాయి కదా, గ్లౌజు అంచు పైన ఉంటే జాకెట్ మీది నీళ్లన్నీ దాంట్లోకే దిగుతాయి. ఎంత ఖర్చు పెట్టినా ఇది చూసుకోకపోతే బూడిదలో పోసిన పన్నీరే.

జపాన్ షోవా కంపెనీ టెమ్‌రెస్ 282 గురించి కూడా అడుగుతున్నారు. పని గ్లౌజు. నీలం రంగు, చూస్తే చేపల మార్కెట్టే గుర్తొస్తుంది. పైన గుడ్డ లేదు కాబట్టి నీళ్లు పీల్చే గొడవే లేదు, ధరా తక్కువ. లోపలి మెత్తటి లైనింగ్ మాత్రం అతికించి ఉంటుంది, విడిగా తీయలేం. ఆరడం దగ్గర నా పద్ధతికి సరిరాదు. రెండో స్థానం దీనికిస్తాను.

వెచ్చదనం ఒక్కటే చూస్తే అన్నిటికంటే మేలైనవి హ్యాండిల్‌కు బిగించే తొడుగులు, ఇక్కడివాళ్లు హాండ్‌మొఫెన్ అంటారు. పెద్దవాళ్ల సైకిళ్లకు, పిల్లల్ని ఎక్కించుకునే పెట్టె సైకిళ్లకు కనిపిస్తుంటాయి. లోపల ఒట్టి చేతులు పెట్టినా చాలు. సొంత సైకిల్ ఉండి, రెండు చోట్లా కప్పు కింద నిలిపేవాళ్లు ఇంకేమీ ఆలోచించక్కర్లేదు. స్టేషన్ దగ్గర ఆరుబయట నిలిపితే సాయంత్రానికి లోపల నీళ్లుంటాయి, లేదా తొడుగులే ఉండవు. రైలు దిగి ఓవీ-ఫీట్స్ అద్దె సైకిల్ ఎక్కేవాళ్లకు అసలు కుదరదు.

మిగతావి: నియోప్రీన్ (ఒక రకం కృత్రిమ రబ్బరు) గ్లౌజులు తడిసినా వెచ్చగా ఉంచుతాయి, వారానికే వాసనొస్తాయి. ఆల్ప్స్ ట్రిప్పుకు కొన్న స్కీ గ్లౌజులు మందం మరీ ఎక్కువ, ముసురుకు ఆరవు. రెండేసి వేళ్లు కలిపి ఉండేవి మైనస్ చలికి పనికొస్తాయి, ఇక్కడ వాటి అవసరం తక్కువ. పెడల్ వెనక్కి తొక్కితే బ్రేక్ పడే సైకిలైతే, వేళ్లన్నీ ఒకే సంచిలో ఉండే మిటెన్లు కూడా నడుస్తాయి. ముందు చేతి బ్రేకు ఉంటే అది అందుతుందో లేదో చూసుకోండి.

టచ్‌స్క్రీన్ పనిచేసే వేలి కొసల కోసం ఎక్కువ డబ్బు పెట్టకండి. సైకిల్ తొక్కుతూ ఫోన్ చేత్తో పట్టుకోవడం 2019 జూలై 1 నుంచి ఇక్కడ నేరం, జరిమానా గట్టిగానే పడుతుంది. బౌయెన్‌రాడార్ అనే ఇక్కడి వాన సూచనల యాప్‌లో వాన ఎప్పుడో ఇంట్లోనే చూసుకుని బయల్దేరండి.